గానుగెద్దు చేసిన పని ఎంత?

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ చదువుకున్న ప్రతివాడూ ఏదో ఒక రోజు ఈ బోల్తా కొట్టే ఉంటాడు. పని అంటే బలం ఇంటూ స్థానభ్రంశం. గానుగెద్దు ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. స్థానభ్రంశం సున్నా. కాబట్టి ఎద్దు చేసిన పని సున్నా! నేను కూడా సెలవులకి ఊరెళ్ళి, కొత్త చదువు ఊరికే పోకూడదని, మా తాతకి ఈ మాట చెప్పాను. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. ఎర్ర నేలలు, చెరుకు తోటలు. తాత చిన్నప్పట్నుంచీ చెరుకు గానుగ ఆడించిన మనిషి. ఆయన బీడీ పక్కన పెట్టి, "అదేందిరా, ఎద్దు పొద్దుగాల్నుంచి తిరిగితే పని సున్నానా? నువ్వు సదివిన సదువే సున్నా" అన్నాడు.

తాతదే కరెక్టు. ఎందుకు కరెక్టో పరీక్షకి సరిపడా అప్పుడే తెలుసుకున్నాను. కానీ ఈ చిన్న లెక్క తేలడానికి ప్రపంచానికి ఎంత కాలం పట్టిందో, దాని వెనక ఎంత డబ్బు గొడవ ఉందో తెలిసింది మాత్రం ఉద్యోగంలో చేరాక. తెలిశాక మా ఊరి బోరు మోటార్ని కూడా మామూలుగా చూడలేకపోతున్నా.

ముందు ఎద్దు పరువు నిలబెడదాం. స్థానభ్రంశంతో మొత్తంగా ఒకేసారి గుణించాలంటే బలం దిశ మారకుండా ఉండాలి. ఎద్దు లాగే దిశ అడుగడుక్కీ మారుతుంది. తూర్పుకి నడిచేటప్పుడు తూర్పుకే లాగుతుంది, పడమరకి నడిచేటప్పుడు పడమరకే. ఎప్పుడూ నడిచే వైపే లాగుడు. కాబట్టి ఒక్కో అడుగులో జరిగిన పని కూడుకుంటూ పోవాలి, ఏదీ ఇంకోదాన్ని కొట్టెయ్యదు. చుట్టు పూర్తయ్యేసరికి పని అంటే లాగుడు ఇంటూ చుట్టుకొలత. దూలం పొడుగుని లాగుడుతో గుణిస్తే టార్క్. పాత తెలుగు పుస్తకాల్లో బల భ్రామకం అనేవారు. ఆ టార్క్‌ని తిరిగిన కోణంతో గుణిస్తే పని. కోణం రేడియన్లలో ఉండాలి, ఒక చుట్టుకి రెండు పై. ఇంతే లెక్క.

అంకెలు వేసి చూద్దాం. తాత గానుగ దూలం ఆయన అంగల్లో నాలుగు, సుమారు 3 మీటర్లనుకోండి. జత ఎద్దులు 60 కిలోల లాగుడు లాగుతున్నాయనుకుందాం. గంటల తరబడి ఆగకుండా తిరగాలంటే అంతకంటే ఎక్కువ ఆశించడం అన్యాయం. 60 కిలోలంటే దాదాపు 590 న్యూటన్లు. టార్క్ 1,770 న్యూటన్ మీటర్లు. ఒక చుట్టుకి పని సుమారు 11,120 జౌళ్ళు. నిమిషానికి రెండు చుట్లు తిరిగితే 371 వాట్లు. అంటే జత ఎద్దులు కలిసి సరిగ్గా అర హార్స్‌పవర్.

ఈ అంకెలు చూసి తాతకి ఇంకో మాట చెబుదామనుకుని ధైర్యం చాలక ఊరుకున్నా. ఒక గ్రాము జొన్నల్లో ఉండే శక్తి దాదాపు 14,000 జౌళ్ళు. జత ఎద్దులు ఒక చుట్టు తిరిగి చేసిన పని అంత కూడా లేదు! కండరాలు తిన్నదాంట్లో నాలుగోవంతు కూడా పనిగా మార్చలేవన్నది నిజమే గానీ, అది కలుపుకున్నా చుట్టుకి మూడు నాలుగు గ్రాముల జొన్నలు.

సరే, చరిత్రలోకి వద్దాం. పద్దెనిమిదో శతాబ్దం దాకా తిరిగే యంత్రం చేసిన పనిని కొలవడానికి మనిషికి తెలిసిన దారి ఒక్కటే. ఇరుసుకి తాడు చుట్టి బరువు పైకి లాగించడం. ఎంత బరువు, ఎంత ఎత్తుకి, ఎంతసేపట్లో. ఇంగ్లాండులో జాన్ స్మీటన్ 1759లో నీటి చక్రాల మీద చేసిన ప్రయోగాలు ఇలాంటివే. చిన్న నమూనా చక్రం చేసి, నీళ్ళు వదిలి, అది ఎత్తిన బరువుని బట్టి ఏ రకం చక్రం మెరుగో తేల్చాడు. పైనుంచి నీళ్ళు పడే చక్రం, కిందనుంచి నీళ్ళు తోసే చక్రానికి రెట్టింపు పని చేస్తుందని లెక్కతో చూపించాడు. అప్పటిదాకా అది మిల్లు కట్టే వడ్రంగుల మధ్య ఒట్టి వాదన.

అసలు కథ జేమ్స్ వాట్‌తో మొదలవుతుంది. వాట్ అనగానే మనకి టీ కెటిల్ కథ గుర్తొస్తుంది. నాకైతే ఆయన బిల్లింగ్ మోడల్ ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. బౌల్టన్, వాట్ భాగస్వాములు మొదట్లో గనుల్లో నీళ్ళు తోడే ఇంజన్లు పెట్టించేవాళ్ళు. పాత న్యూకామెన్ ఇంజన్‌తో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయిందో చూసి, ఆ ఆదాలో మూడోవంతు తమకివ్వాలి. మనవాళ్ళు ఇప్పుడు క్లయింట్‌కి ఖర్చు తగ్గించి అందులో వాటా అడుగుతారే, అచ్చం అదే. చిక్కెక్కడ వచ్చిందంటే, 1780ల్లో పిండి మిల్లులు, బట్టల మిల్లులు, సారా బట్టీల వాళ్ళు కూడా ఇంజన్ కావాలన్నారు. వాళ్ళకి కిందికీ పైకీ ఆడేది కాదు, గుండ్రంగా తిప్పేది కావాలి. మామూలు క్రాంక్ పెడదామంటే జేమ్స్ పికార్డ్ 1780లోనే దాని మీద పేటెంట్ తీసుకుని కూర్చున్నాడు. దాంతో వాట్ ఒక పళ్ళ చక్రం చుట్టూ ఇంకో పళ్ళ చక్రం తిరిగే ఏర్పాటు చేసి 1781లో తన పేటెంట్ తను తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవలు మనం కొత్తగా కనిపెట్టినవేం కాదు.

తిప్పడం కుదిరింది, మరి డబ్బు దేన్నిబట్టి అడగాలి? మిల్లులో అంతకుముందు ఉన్నది బొగ్గు ఇంజన్ కాదు, గుర్రం. గుర్రం బొగ్గు తినదు. ఆదా లెక్క తేలదు. కాబట్టి మిల్లు యజమానికి అర్థమయ్యే మాట ఒక్కటే, మా ఇంజన్ మీ గుర్రాల్లో ఎన్నింటికి సమానం? అందుకని గానుగ గుర్రాన్ని కొలిచారు. పుస్తకాల్లో మామూలుగా కనిపించే లెక్క ఇది. గుర్రం 12 అడుగుల వ్యాసార్థంలో గంటకి 144 చుట్లు తిరుగుతుంది, 180 పౌన్ల లాగుడు లాగుతుంది. చుట్టుకొలత 75.4 అడుగులు. నిమిషానికి 2.4 చుట్లు, అంటే 181 అడుగులు. దాన్ని 180తో గుణిస్తే సుమారు 32,570. దాన్ని సరిచేసి నిమిషానికి 33,000 అడుగు-పౌన్లు అన్నారు. అదే ఈ రోజు మనం వాడే హార్స్‌పవర్, 746 వాట్లు.

గమనించారా, ఇది తాత గానుగ లెక్కే. వ్యాసార్థం, లాగుడు, చుట్లు. ప్రపంచంలో కార్లూ, ట్రాక్టర్లూ, మోటార్లూ అన్నీ అమ్ముడుపోయే కొలమానం ఒక గుండ్రటి గానుగ బాటలోంచి పుట్టింది.

వాట్ గుర్రం మామూలు గుర్రం కాదు. స్మీటన్ అంతకుముందు వేసిన లెక్కలో గుర్రం పని నిమిషానికి దాదాపు 23,000 అడుగు-పౌన్లే. రోజంతా తిరిగే గుర్రానికి అదే న్యాయమైన అంకె అనుకోవాలి. వాట్ దాన్ని అంత పెంచి పెట్టడంలో నాకు మంచి వ్యాపారి తెలివి కనిపిస్తుంది. పది గుర్రాల ఇంజన్ అని చెప్పి ఇస్తే, కొన్నవాడు తన గుర్రాలతో పోల్చుకుని పద్నాలుగు గుర్రాల పని జరుగుతోందని సంతోషపడతాడు తప్ప తక్కువైందని గొడవకి రాడు. తక్కువ చెప్పి ఎక్కువ ఇవ్వడమన్నమాట. మన ప్రాజెక్టు ఎస్టిమేట్లు వేసేవాళ్ళు ఈయన దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి. ఆ హార్స్‌పవర్ మీదే ఏడాది ఫీజు కట్టారు. లండన్‌లో హార్స్‌పవర్‌కి 6 పౌన్లు, బయట 5 పౌన్లు, 1800లో పేటెంట్ గడువు తీరేదాకా. ఈ 'హార్స్‌పవర్‌కి ఏడాదికి ఇంత' అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఫ్రాన్సులో ఇంకో మెట్టు ఎక్కారు. బరువు పైకెత్తకుండానే తిరిగే ఇరుసు పని కొలవచ్చని 1821లో గాస్పార్ ద ప్రోనీ చూపించాడు. ఇరుసు మీద రెండు చెక్క దిమ్మెలు బిగించి, వాటికి పొడుగాటి చెయ్యి తగిలించి, దాని కొసకి బరువు వేలాడదీస్తారు. ఇరుసు దిమ్మెల్ని తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది, బరువు ఆపుతుంది. చెయ్యి అడ్డంగా నిలబడేలా బిగింపు సరిచేస్తే చాలు. చెయ్యి కదలదు, అయినా లెక్క తేలిపోతుంది. బరువు ఇంటూ చెయ్యి పొడుగు టార్క్, దాన్ని రెండు పై ఇంటూ చుట్లతో గుణిస్తే పని. జరిగిన పనంతా వేడిగా మారి దిమ్మెలు కాలిపోతుంటే నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇంజన్ ఎన్ని 'బ్రేక్ హార్స్‌పవర్' అన్న మాటలో ఉన్న బ్రేక్ ఈ బ్రేకే. నేను చాలాకాలం బండి ఆపే బ్రేకుకీ దానికీ ఏం సంబంధమా అని ఆలోచించేవాణ్ణి.

1829లో కొరియోలిస్ తన యంత్రాల పుస్తకంలో బలం ఇంటూ దూరానికి 'పని' అన్న పేరు ఖాయం చేశాడు. కూలివాడూ, ఎద్దూ, ఇంజనూ చేసేదానికి వాడే మామూలు మాటనే శాస్త్రానికి తెచ్చాడు. ఇక మనకి బాగా అలవాటైన రెండు మాటలు, రేడియన్, టార్క్. రేడియన్ అన్న మాట 1873లో బెల్‌ఫాస్ట్‌లో ఒక పరీక్ష పేపర్లో అచ్చయింది. పేపర్ పెట్టినాయన జేమ్స్ థామ్సన్, లార్డ్ కెల్విన్ అన్నగారు. 1884లో టార్క్ అన్న మాట సూచించిందీ ఆయనే. రెండు మాటలూ ఒకే మనిషివి, రెండూ గుణిస్తే పని వస్తుంది! రేడియన్ ఎందుకు పెట్టారా అని ఇంటర్లో విసుక్కున్నవాళ్ళు గానుగ బాటలో నిలబడి చూడాలి. దూలం ఎంత పొడుగో అంత దూరం ఎద్దు నడిస్తే ఒక రేడియన్. మూడు మీటర్ల దూలానికి మూడు మీటర్ల నడక. టార్క్ అంటే ఒక్క రేడియన్‌కి జరిగే పని, అంతే.

మన దేశంలో ఇదే కాలంలో గానుగే మారిపోయింది. రాతి, చెక్క గానుగల చోట ఇనప రోలర్ల గానుగ వచ్చింది. బీహార్లోని బిహియా అన్న చోట థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఇంగ్లీషు వాళ్ళు 1874 ప్రాంతంలో దాన్ని తీసుకొచ్చారు. ఈ థామ్సన్ వేరు లెండి. చెరుకు ముక్కలు కొట్టే పని లేకుండా గెడ గెడలాగే నమిలేసే ఆ నిలువు రోలర్ల పద్ధతి దేశమంతా పాకింది. తాత ఆడించిందీ ఆ వంశానిదే. అదే ఎద్దులు, అదే బాట, రసం మాత్రం ఎక్కువ. ఎద్దు పెట్టే పనిలో రాపిడికి పోయే వాటా తగ్గించడమే అందులో కిటుకు.

అన్నట్టు, బెల్లం వండటంలో ఎద్దుల వాటా ఎంత? పేడల్ చక్రం నీళ్ళలో తిప్పి, ఎంత పనికి ఎంత వేడో 1840ల్లో జౌల్ తేల్చి పెట్టాడు కాబట్టి మనకి సులువు. మరుగుతున్న నీళ్ళు ఒక లీటరు ఆవిరి చెయ్యడానికి దాదాపు 22 లక్షల 57 వేల జౌళ్ళు కావాలి. అంటే గానుగ బాటలో 200 చుట్లు! వంద కిలోల చెరుక్కి సుమారు పది కిలోల బెల్లం రావాలంటే యాభై లీటర్ల దాకా నీళ్ళు ఎగరగొట్టాలి. ఎద్దుల్నే నమ్ముకుంటే పదివేల చుట్లు, రాత్రీ పగలూ తిప్పినా మూడున్నర రోజులు. ఆ పని చేసేది పొయ్యిలో మండే చెరుకు పిప్పి. ఎద్దులు చెమటోడ్చి చేసేది అందులో పిసరంత. అయినా ఊళ్ళో గానుగకి పేరు ఎద్దులదే, పిప్పిని ఎవరూ తల్చుకోరు.

ఇక జహీరాబాద్ సంగతి. 1980ల మధ్యలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు చోట్ల చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీలు వచ్చాయి. అందులో ఒకటి ఆల్విన్ నిస్సాన్, జహీరాబాద్‌లో. హైదరాబాద్ ఆల్విన్ అంటే బీరువాలూ, ఫ్రిజ్‌లూ, వాచీలూ చేసిన కంపెనీ. ఆ దశాబ్దం చివర్లో అది మహీంద్రా చేతికి వెళ్ళింది. 2013లో అదే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కూడా మొదలైంది. ఎద్దులు తిరిగిన నేల మీదే వాటిని ఇంటికి పంపే యంత్రం తయారవుతోంది. ట్రాక్టర్ కరపత్రంలో టార్క్ ఒక ఆర్పీఎం దగ్గర, హార్స్‌పవర్ ఇంకో ఆర్పీఎం దగ్గర రాసి ఉంటుంది. రెంటికీ తేడా ఏంటని చాలామంది అడుగుతారు. దానికి నా దగ్గర మా ఎద్దుల జవాబు ఉంది.

ట్రాక్టర్ వెనక యంత్రాలు తగిలించే ఇరుసు మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దాని దగ్గర 40 హార్స్‌పవర్ అందుతోందనుకోండి. టార్క్ లెక్క కడితే సుమారు 528 న్యూటన్ మీటర్లు. తాత జత ఎద్దుల టార్క్ ఎంత? 1,770. ట్రాక్టర్ కంటే మూడు రెట్లు పైన! మరి ఎనభై జతల పని ట్రాక్టర్ ఎలా చేస్తోంది? చుట్లలో ఉంది కిటుకంతా. ఎద్దులు నిమిషానికి రెండు, ఇరుసు 540. టార్క్ ఎక్కువ ఉన్నంత మాత్రాన పని ఎక్కువ కాదు. స్పానర్ పట్టుకుని ఎంత వేలాడినా నట్టు కదలకపోతే టార్క్ బోలెడు, పని సున్నా. ఈ సంగతి తాత ఒక్క ముక్కలో చెప్పేవాడు. "ఎంత గుంజిందో గాదురా, ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో గది జూడాలె."

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకి మీటర్ లెక్క తీసేసి శ్లాబు పెట్టింది. హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు. వాట్ గారి అయిదు పౌన్ల ఫీజు రెండొందల ఏళ్ళ తర్వాత తెలుగు నేల మీద అవతారమెత్తినట్టు! తర్వాతి ప్రభుత్వాలు ఆ రేటు పెంచుకుంటూ పోయాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన ఆందోళనలో కాల్పుల దాకా వెళ్ళింది. 2004 మేలో వై.ఎస్. ఉచిత కరెంటు మీద తొలి సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు.

రైతుకి శ్లాబు ఎంత ఊరటో నాకు తెలుసు, మా ఇంట్లో ఆ తిండే తిన్నాం. కానీ లెక్కగా చూస్తే శ్లాబులో ఒక తిరకాసు ఉంది. హార్స్‌పవర్ పని కాదు, పని జరిగే వేగం. పని కావాలంటే దాన్ని ఎన్ని గంటలు నడిచిందో దాంతో గుణించాలి. శ్లాబు వేగానికి డబ్బు తీసుకుంది, గంటల్ని వదిలేసింది. తాత భాషలో చెప్పాలంటే, గుంజుడికి కిరాయి కట్టించుకుని తిరుగుళ్ళు లెక్కపెట్టలేదు. అయిదు హార్స్‌పవర్ మోటార్ రోజుకి రెండు గంటలు నడిచినా అదే బిల్లు, ఇరవై గంటలు నడిచినా అదే. కరెంటు వచ్చీరాగానే మోటార్ తనంతట తనే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్లు ప్రతి బోరుకీ అందుకే వచ్చాయి. రాత్రి రెండింటికి వచ్చే కరెంటు కోసం చేలో పడుకుని పాముకాటుకి పోయినవాళ్ళున్న ఊళ్ళలో దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. నీళ్ళు కిందికి కిందికి పోయింది మాత్రం నిజం. 24 గంటల కరెంటు వచ్చేముందు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని రైతుల్ని బతిమాలింది.

ఇంకో తిరకాసు ప్లేటు మీది అంకె. వాట్ గుర్రాన్ని పెద్దది చేశాడు, కొన్నవాడికి లాభంగా కనిపించాలని. శ్లాబు మన గుర్రాన్ని చిన్నది చేసింది. రేటు హార్స్‌పవర్‌ని బట్టి కాబట్టి, అయిదు మోటార్ మీద మూడు అని రాయించుకోవడం, వైండింగ్ మళ్ళీ చుట్టించినప్పుడు ఏడున్నరకి పెంచుకుని పాత ప్లేటే ఉంచెయ్యడం ఊళ్ళలో అందరికీ తెలిసిన రహస్యం. ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రం అబద్ధం చెప్పడం కుదరదు. కాగితం మీద యాభై హార్స్‌పవర్ అని వేసిన చోట ఎనభై గుంజితే అది కాలిపోతుంది. కాలిపోయాక చందాలు వేసుకుని రిపేరుకి తీసుకెళ్ళడం, ఆ వారం రోజులూ చెరుకు ఎండటం. తక్కువ రాయించుకున్నవాడూ, నిజం రాయించుకున్నవాడూ సమానంగా నష్టపోతారు.

బోరులో దిగి ఉన్న అయిదు హార్స్‌పవర్ మోటార్ నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతుందనుకుంటే దాని టార్క్ కేవలం పన్నెండున్నర న్యూటన్ మీటర్లు. తాత ఎద్దుల టార్క్‌లో నూట నలభయ్యో వంతు. పనిలో మాత్రం పది జతలకి సమానం. ఇరవై ఎద్దులు కనపడకుండా భూమిలో తిరుగుతున్నాయి. కనపడే ఎద్దు అలిసిపోతే విప్పి మేతేస్తాం. దీన్ని విప్పేవాడు లేడు.

గానుగ ఉన్న చోట ఇప్పుడు మా బోరు ఉంది. ఇనప రోలర్లు గట్టు పక్కన పడున్నాయి, దూలం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. మోటార్ అయిదు హార్స్‌పవర్ అంటాడు చిన్నాయన. దాని ప్లేటు మీద అంకె ఉండాల్సిన చోట గీకేసి ఉండేదట, అదీ ఇప్పుడు భూమిలో ఉంది. పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఒక క్లాంప్ మీటర్ పట్టుకెళ్ళాను. తీగ చుట్టూ పెడితే ఎన్ని ఆంపియర్లు గుంజుతోందో చెబుతుంది, దాన్నిబట్టి హార్స్‌పవర్ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. స్టార్టర్ డబ్బా తెరవబోతుంటే చిన్నాయన నా భుజం మీద చెయ్యేసి, "బువ్వ తిందాం పా, అమ్మ పిలుస్తుంది" అన్నాడు.